కంటి కదలికలతో మనోగాయానికి వైద్యం: ఇంటి నుంచే ఎందుకు? ఎలా?

మా వైపు పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే "జడుసుకుంది" అంటారు. తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు, తలగడ కింద ఇనుప ముక్క పెడతారు. ముప్ఫై నాలుగేళ్ల మా చెల్లెలు జడుసుకుంటే ఏం చెయ్యాలో మాకెవరికీ తెలియలేదు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం వచ్చే దారిలో, సాయంత్రం పూట, మరిది బండి నడుపుతుంటే వెనక నుంచి లారీ గుద్దింది. మరిదికి కాలు విరిగింది, రాడ్డు వేశారు, నాలుగు నెలలకి మామూలుగా నడిచాడు. చెల్లెలికి మోచెయ్యి దోక్కుపోవడం తప్ప దెబ్బ తగల్లేదు. ఇద్దరూ బతికారని దేవుడికి దండం పెట్టుకున్నాం. కానీ ఆర్నెల్లు గడిచినా, వీధిలో బ్రేకు చప్పుడు వినపడితే తను చేతిలో ఉన్నది వదిలేసేది. అర్ధరాత్రి లేచి కూర్చునేది. ఇంట్లో ఉన్న స్టీలు క్యారియర్లన్నీ అటక మీద పెట్టించేసింది. ఎందుకో చాలా రోజులు మాకు అర్థం కాలేదు. "అయిపోయింది కదమ్మా, మర్చిపో" అని అందరం చెప్పేవాళ్లం. ఒకరోజు తనే అంది: "అక్కా, నాకది గుర్తు రావట్లేదు. మళ్లీ జరుగుతోంది."

ఖమ్మంలో మానసిక వైద్యుడు ఆ ఒక్క మాట వినగానే దాని పేరు చెప్పారు: పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన సంఘటన తర్వాత మనసులో మానకుండా మిగిలిపోయే గాయం. నిద్రకి కొన్నాళ్లు మాత్రలు రాసి, దీనికి ఈఎండీఆర్ అనే చికిత్స ఉందని, అది చేసే మేడమ్ హైదరాబాద్‌లో ఉన్నారని, కావాలంటే వీడియోలో చేస్తారని చెప్పారు. ఆ వారాల్లో నేను చెల్లెలి దగ్గరే ఉన్నాను. అప్పట్నుంచి బంధువులు, స్నేహితులు నన్ను అడిగిన ప్రశ్నలకి, తెలుసుకున్నంత మేరకు, జవాబులు రాస్తున్నాను. చెల్లెలి అనుమతి తీసుకున్నాను.

అసలు ఏమిటీ వైద్యం?

మనసుని గాయపరిచిన జ్ఞాపకాన్ని కొద్దిసేపు తలుచుకుంటూ, అదే సమయంలో కళ్లని కుడికీ ఎడమకీ కదిలించడం. బయట నుంచి చూస్తే కనపడేది ఇంతే. 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పార్కులో నడుస్తూ, తనని వేధిస్తున్న ఆలోచనల పదును తగ్గడం గమనించింది. ఆ సమయంలో తన కళ్లు వేగంగా అటూ ఇటూ కదులుతున్నాయని గుర్తించింది. తర్వాత 22 మందితో చేసిన తొలి అధ్యయనాన్ని 1989లో ప్రచురించింది. ఆమె 2019లో చనిపోయేనాటికి ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదొకటి.

ఇది హిప్నాటిజం కాదు. మనిషి పూర్తి మెలకువలో ఉంటుంది. ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆగిపోతుంది.

కళ్లు కదిపితే జ్ఞాపకం ఎందుకు మెత్తబడుతుంది?

షపీరో చెప్పిన సిద్ధాంతం ఒకటుంది. కలలొచ్చే నిద్రలో కళ్లు కదలడంతో దీన్ని ముడిపెట్టినవాళ్లూ ఉన్నారు. పరిశోధనల బలం ఎక్కువగా కనపడేది మాత్రం మూడో వివరణకి. మన మనసులో అప్పటికప్పుడు పని జరిగే చోటు చాలా ఇరుకు. కిరాణా కొట్లో చిల్లర లెక్కపెడుతున్నప్పుడు పక్కనుంచి ఎవరైనా ఫోన్ నంబరు చెబితే ఏమవుతుంది? లెక్కన్నా తప్పుతుంది, నంబరన్నా జారిపోతుంది. జ్ఞాపకాన్ని కళ్లముందుకి తెచ్చుకోవాలన్నా ఆ ఇరుకు చోటే కావాలి. అదే క్షణంలో కదిలే చుక్కని కళ్లతో వెంబడించాల్సి వస్తే, జ్ఞాపకానికి పూర్తి చోటు దొరకదు. రంగులు వెలుస్తాయి, చప్పుడు తగ్గుతుంది, గుండెదడ తగ్గుతుంది. పైకి తెచ్చిన జ్ఞాపకం తిరిగి లోపలికి పోయేటప్పుడు, ఆ వెలిసిన రూపంలోనే భద్రమవుతుందని ఈ వివరణ చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు దీని మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు.

ఇక్కడ ఒక వాదం ఇంకా తెగలేదు, అది దాచడం మంచిది కాదు. కంటి కదలిక వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని 2001లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఉందని 2013లో వచ్చిన మరొకటి తేల్చింది. మొత్తం చికిత్స పనిచేస్తుందన్న దాంట్లో తగువు లేదు, దానిలో కళ్ల వాటా ఎంతన్నదే తగువు. బాధపడుతున్న మనిషికి మొదటిదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆసుపత్రికి వెళ్లకుండా ఇంటి నుంచే ఎందుకు?

మా చెల్లెలి విషయంలో జవాబు సూటిగా ఉంది. హైదరాబాద్ వెళ్లాలంటే ఆరు గంటల పైన బస్సులో కూర్చోవాలి. తనకొచ్చిన జబ్బే బస్సెక్కనివ్వడం లేదు. వైద్యం ఉన్న చోటికి పోయే దారిని జబ్బే మూసేసింది. రోడ్డు ప్రమాదాల నుంచి బయటపడినవాళ్లలో ఈ చిక్కు మామూలే. జనంలోకి వెళ్లలేనివాళ్లు, మంచం మీద ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, "పిచ్చాసుపత్రికి పోయింది" అన్న మాట పడతామేమోనని భయపడేవాళ్లు, వీళ్లందరికీ ఏదో ఒక దారి ఇలాగే మూసుకుపోయి ఉంటుంది.

భాష ఇంకో కారణం. జిల్లా కేంద్రాల్లో ఈ శిక్షణ ఉన్నవాళ్లు దొరకడం కష్టం, అందులో తెలుగులో చేసేవాళ్లు ఇంకా తక్కువ. భయం ఏ భాషలో మాట్లాడుతుందో వైద్యం ఆ భాషలోనే జరగాలి. "నా వల్లే" అన్న రెండు మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి అందులో ఉన్న కుమిలిపోవడం సగం ఆవిరైపోతుంది. వీడియో ఉంటే అనంతపురంలో ఉన్న మనిషి విశాఖలో ఉన్న తెలుగు థెరపిస్టుతో మాట్లాడగలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ పేషెంటు కూర్చున్న రాష్ట్రంలో థెరపిస్టుకి లైసెన్సు ఉండాలన్నది మామూలు నియమం. అందుకని మొదటి ఫోన్‌లోనే ఆ సంగతి అడగాలి.

తెర మీద చేస్తే పనిచేస్తుందని ఎలా నమ్మాలి?

కోవిడ్ రోజుల్లో గదులు మూతపడేసరికి ప్రపంచమంతా థెరపిస్టులు తెర మీదకి రావాల్సొచ్చింది. బ్రిటన్‌లో 33 మంది థెరపిస్టులు 93 మందికి దూరం నుంచి చేసిన ఈఎండీఆర్ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. పోల్చి చూడటానికి రెండో బృందం లేదు కాబట్టి దాన్నే తుది తీర్పు అనలేం. ఎదురుగా కూర్చుని చేసిన చికిత్సకున్నంత పరిశోధన వీడియో చికిత్సకి ఇంకా లేదు. అయినా, మంచి శిక్షణ ఉన్న మనిషి జాగ్రత్తగా చేస్తే తెర అడ్డం కాదన్నది నేను కళ్లారా చూసింది.

గదిని ఎలా సిద్ధం చెయ్యాలి?

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. క్లినిక్‌కి వెళ్తే ఆ గది తలుపుని, ఆ నిశ్శబ్దాన్ని వాళ్లే చూసుకుంటారు. ఇంట్లో ఆ పనంతా మన మీద పడుతుంది.

చెల్లెలి పడగ్గదిలో బట్టలు ఇస్త్రీ చేసే బల్లని గోడకి జరిపి, దాని మీద నాలుగు లావు పుస్తకాలు పేర్చి, ల్యాప్‌టాప్‌ని సరిగ్గా కళ్ల ఎత్తుకి తెచ్చాం. కెమెరాలో ముఖం ఒక్కటే పడితే చాలదన్నారు మేడమ్. ఛాతీ, చేతులు కూడా కనపడాలి. ఊపిరి ఎక్కడ ఆగిందో, పిడికిలి ఎప్పుడు బిగిసిందో ఆమె చూడాలి. కిటికీ వెనకుంటే ముఖం నల్లగా పడుతోంది, అందుకని కుర్చీ తిప్పాం. కుర్చీకి చక్రాలు వద్దన్నారు, అరికాళ్లు నేలకి గట్టిగా ఆనాలి. పక్కన మంచినీళ్లు, చేతిరుమాలు, అందేంత దూరంలో ఛార్జింగ్ పూర్తిగా ఉన్న ఫోన్.

చిన్న ఫోన్ తెర మీద చుక్క కదిలితే కళ్లు పెద్దగా ప్రయాణం చెయ్యవు. అందుకే ల్యాప్‌టాప్ గాని పెద్ద తెర గాని మేలు. ఫోన్ తప్ప ఇంకేం లేకపోతే చేతులతో తట్టుకునే పద్ధతి ఉంది. రెండు చేతుల్ని గుండెల మీద అడ్డంగా వేసుకుని, బొటనవేళ్లు కలిపి, కాలర్ ఎముకల కింద వేళ్ల కొసలతో ఒకసారి కుడి, ఒకసారి ఎడమ మెల్లగా తట్టుకోవడం. సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుందని దానికి బటర్‌ఫ్లై హగ్ అని పేరు. 1997లో మెక్సికోలోని అకపుల్కోని హరికేన్ పౌలీన్ ముంచెత్తాక, అక్కడి పిల్లలతో పనిచేస్తూ లూసీనా ఆర్తిగాస్, ఇగ్నాసియో హరేరో రూపొందించిన పద్ధతి అది. ఇయర్‌ఫోన్లలో ఎడమ, కుడి మార్చి మార్చి చప్పుడు వినిపించే పద్ధతీ ఉంది గాని, ఉట్రెక్ట్ వాళ్ల పరీక్షలో చప్పుడు కన్నా కంటి కదలికే మెరుగని తేలింది. కళ్లు నొప్పి పుట్టేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు మొదటే చెప్పాలి, దాన్ని బట్టి పద్ధతి మారుస్తారు.

ఇక చాటు. మన ఇళ్లలో ఒక గంటన్నర తలుపు వేసుకుంటే నలుగురు అడుగుతారు. అత్తయ్య గారికి, పిల్లలకి ముందే చెప్పి పెట్టాం. గుమ్మం బయట టేబుల్ ఫ్యాన్ వేసి ఉంచాం, ఆ రొదలో లోపలి మాట బయటికి రాదు. ఈ వైద్యంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. జరిగిందంతా వివరంగా నోటితో చెప్పాల్సిన పనిలేదు. మనసులో చూస్తే చాలు, ఏమొచ్చిందో రెండు ముక్కల్లో చెబితే చాలు. గోడలు పల్చగా ఉన్న ఇళ్లలో ఇది ఎంత ఊరటో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

మూడో వారం నేనే ఒక పొరపాటు చేశాను. సెషన్ జరుగుతుండగా బియ్యం కడిగి కుక్కర్ పెట్టేశాను. విజిల్ వెయ్యగానే లోపల చెల్లెలు కెవ్వుమంది. తర్వాత తనే చెప్పింది, మేడమ్ గొంతు ఏమాత్రం మారలేదట. "ఇప్పుడు వినపడింది ఏమిటమ్మా?" "కుక్కర్." "ఎవరింట్లో?" "మా ఇంట్లో." "మీ కాళ్ల కింద ఏముంది?" "గచ్చు. చల్లగా ఉంది." అలా ఒక్కొక్క మాట పట్టుకుని ఖమ్మం రోడ్డు మీద నుంచి తన గదిలోకి తీసుకొచ్చారట. ఆ రోజు నుంచి ఆ గంటన్నర మేం పొయ్యి ముట్టించలేదు.

లోపల ఎలా జరుగుతుంది?

మొత్తం ఎనిమిది దశలు. మొదటి రెండు వారాలు ప్రమాదం జోలికే పోలేదు. ముందు మనిషి గురించి తెలుసుకుంటారు. తర్వాత భయం పొంగినప్పుడు దిగిరావడం నేర్పిస్తారు. మనసుకి నెమ్మదినిచ్చే చోటొకటి అనుకోమంటే, చెల్లెలు మా అమ్మమ్మ గారింటి వెనక బాదం చెట్టు కింద అరుగుని ఎంచుకుంది. ఆ అరుగు మీదకి వెళ్లి రావడం బాగా అలవాటయ్యాకే అసలు పని మొదలైంది.

జ్ఞాపకంలో అన్నిటికన్నా చెడ్డ బొమ్మ ఏదని అడిగారు. లారీ అంటుందనుకున్నాం. తను చెప్పింది క్యారియర్ మూత. బండి పడ్డప్పుడు ఊడిపోయి, రోడ్డు మీద గుండ్రంగా తిరుగుతూ దూరంగా దొర్లుకుంటూ పోయిన స్టీలు మూత. మరిది కదలకుండా పడి ఉన్నాడు, తనకి ఆ చప్పుడే వినపడుతోంది. అటక మీదకి పోయిన గిన్నెల సంగతి అప్పుడు తెలిసింది మాకు.

ఆ బొమ్మ చూస్తుంటే నీ గురించి నీకేమనిపిస్తోందన్నది తర్వాతి ప్రశ్న. "నా వల్లే." చీకటి పడకముందే ఇల్లు చేరదామని తొందరపెట్టింది తనే. దాని స్థానంలో ఏం నమ్మగలిగితే బాగుండు? "నా తప్పేం లేదు." ఆ మాట ఇప్పుడు ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 లోపు చెప్పమన్నారు. రెండంది. బాధ ఎంతో 0 నుంచి 10 లోపు చెప్పమన్నారు. తొమ్మిదంది. ఒంట్లో ఎక్కడుందంటే గొంతు చూపించింది.

అప్పుడు తెర మీద చుక్క. సుమారు అర నిమిషం పాటు అటూ ఇటూ. ఆగుతుంది. ఊపిరి తీసుకోమంటారు. "ఏమొచ్చింది?" ఏదొస్తే అది చెప్పాలి, తప్పూ ఒప్పూ లేదు. "దాంతోనే ఉండండి" అంటారు, మళ్లీ చుక్క. ఒకసారి కోపం వచ్చిందట, ఒకసారి పదేళ్లప్పుడు నాన్న సైకిల్ మీద నుంచి పడటం గుర్తొచ్చిందట, ఒకసారి ఏమీ రాలేదట. మేడమ్ సలహాలివ్వరు, ఓదార్చరు, దారి తప్పకుండా కాపలా కాస్తారు. అలా వారాలు గడిచాక ఒకరోజు చుక్క ఆగగానే చెల్లెలు తనంతట తనే అందట: "నేను తొందరపెడితే లారీ గుద్దుతుందా? వెనకాల వచ్చేవాడు చూసుకోవాలి కదా." ఈ మాట మేం అంతకుముందు వందసార్లు చెప్పి ఉంటాం. అప్పుడు చెవికి ఎక్కనిది ఆ రోజు తన నోటి నుంచే వచ్చింది.

చివర్లో ఒంటిని తల నుంచి కాళ్ల దాకా మనసుతో తడిమి చూసుకోమంటారు, ఎక్కడైనా బిగువు మిగిలిందేమోనని. పని సగంలో ఉండగా టైమైపోతే, మిగిలినదాన్ని ఒక పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు ఊహించుకోమని చెప్పి, నెమ్మదించాకే కాల్ ముగిస్తారు. వచ్చేవారం మళ్లీ ఆ అంకెలు అడిగే పని మొదలుపెడతారు. ఒక్క సంఘటన తాలూకు గాయానికి బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు మామూలుగా 8 నుంచి 12 సెషన్లు సూచిస్తాయి. చిన్ననాటి నుంచి పేరుకున్న హింసకి చాలా ఎక్కువే పడుతుంది. చెల్లెలికి పదకొండు పట్టాయి.

సెషన్ రోజు రాత్రి కలలు రావచ్చు, మర్నాడు ఒళ్లు బరువుగా ఉండొచ్చు. ముందే చెప్తారు కాబట్టి భయపడలేదు. కాల్ అయిన వెంటనే బండి నడపకూడదు, వంటింట్లోకి పరుగెత్తకూడదు. అరగంట తనకంటూ ఉండాలి. క్లినిక్ నుంచి ఇంటికొచ్చే దారిలో దొరికే ఆ విరామం ఇంట్లో మనమే కల్పించుకోవాలి.

మధ్యలో కరెంటు పోతే, నెట్ ఆగిపోతే?

తప్పకుండా ఒకసారన్నా ఆగుతుంది. అందుకే మొదటి రోజే ఒప్పందం చేసుకోవాలి. తెర ఆగగానే చుక్కా తట్టడం రెండూ ఆపెయ్యాలి, కాళ్లు నేలకి అదిమి గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవాలి, నిమిషంలోపు థెరపిస్టే ఫోన్ చెయ్యాలి. ప్రతి సెషన్ మొదట్లో ఎక్కడ కూర్చున్నారో అడిగి, పూర్తి అడ్రసు రాసుకుంటారు. దగ్గర్లోని ఆసుపత్రి పేరు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు వాళ్ల దగ్గరుండాలి. ఇవేవీ అడగకుండా మొదటి రోజే చుక్క తిప్పడం మొదలుపెట్టే మనిషి దగ్గర ఉండొద్దు.

ఎవరు ఇంట్లో చేయించుకోకూడదు?

కొట్టే మనిషి అదే ఇంట్లో ఉంటే కూడదు. గాయం ఇంకా తగులుతూనే ఉన్న చోట గాయాన్ని విప్పకూడదు, ముందు భద్రమైన చోటు కావాలి. చనిపోవాలన్న ఆలోచనలు గట్టిగా ఉన్నవాళ్లకి, ఒంట్లో ఉండీ లేనట్టు తరచూ తెలివి తప్పిపోయేవాళ్లకి, తాగుడు ఆపలేని స్థితిలో ఉన్నవాళ్లకి మొదట డాక్టరు ఎదురుగా ఉన్న వైద్యం కావాలి. వేసుకుంటున్న మాత్రలు ఎవరికి వారే ఆపకూడదు.

యూట్యూబ్‌లో చుక్క వీడియోలున్నాయి, ఒక్కరమే ఎందుకు చేసుకోకూడదు?

చుక్క తిప్పడం ఎవరికైనా వస్తుంది. చెల్లెలు కెవ్వుమన్న క్షణంలో ఆ గొంతు లేకపోతే ఏమయ్యేదో ఊహించండి. పైకి లాగిన జ్ఞాపకాన్ని తిరిగి సర్దిపెట్టే మనిషి పక్కన లేకపోతే, అది రాత్రంతా విప్పినట్టే ఉండిపోతుంది. ఒంటరిగా చెయ్యొద్దు. గట్టిగా చెబుతున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మానసిక వైద్యుడికి చూపించి జబ్బు అదేనని తేల్చుకోవాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. థెరపిస్టు దొరికాక మొహమాటపడకుండా అడగండి: మీరు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా, లేక సైకియాట్రిస్టా? ఈఎండీఆర్ శిక్షణ ఎక్కడ తీసుకున్నారు? వీడియోలో ఇంతకుముందు చేశారా? మంచివాళ్లు ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు.

ఇంటివాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా ఈ వైద్యం తీసుకుంటుంటే, ఆ గంటన్నర తలుపు తట్టకండి. పిల్లల్ని మీరు చూసుకోండి, పొయ్యి ఆపండి. తలుపు తీసుకుని బయటికొచ్చాక లోపల ఏం జరిగిందని అడక్కండి. మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చోండి.